చెవిలో చెప్పిన మాట

మొన్న బహదూర్‌పల్లిలో దూరపు చుట్టం ఒకాయన పోతే, మూడో రోజు పిట్టకు పెట్టడానికి వెళ్లాను. పోయినాయనకు ఇష్టమైనవన్నీ విస్తట్లో వడ్డించి అందరం పక్కకు నిలబడ్డాం. కాకి వచ్చి ముట్టుకుంటే మనిషి తృప్తిగా పోయినట్టు. ముట్టుకోకపోతే ఏదో కోరిక మిగిలిపోయినట్టు. అప్పుడు ఇంటివాళ్లు ఒక్కొక్కరే ముందుకొచ్చి, "నీ బిడ్డను మంచిగ అరుసుకుంటం", "నువ్వు పెట్టిన చెట్లు కొట్టం" అని మాటివ్వాలి. ఆ రోజు కాకి రాలేదు. ఎండ ఎక్కింది. మగవాళ్లు ఫోన్లు చూసుకోవడం మొదలుపెట్టారు. నా పక్కన నిలబడ్డ ఒక ముసలామె కొంగుతో మొహం తుడుచుకుంటూ, "మేడ్చల్ గిర్నామె ఉంటే ఈపాటికి తేల్చేటిది" అంది.

ఆ గిర్నామె మా అమ్మ. నేను ఆమె కూతురినని ముసలామెకు తెలియదు. నేనూ చెప్పలేదు. చెప్తే ఆ పని నన్ను చేయమంటారని భయం.

మాకు మేడ్చల్‌లో పిండి గిర్ని ఉండేది. రోడ్డు వైపు రేకుల షెడ్డు, వెనక రెండు గదుల ఇల్లు, దాని వెనక ఖాళీ జాగ. జొన్నలు, గోధుమలు, బియ్యం ఒక మిషన్లో పట్టేవాళ్లు, మిరపకాయలు, పసుపు కొమ్ములు ఇంకో మిషన్లో. నాయిన మిషన్లను చూసుకునేవాడు, అమ్మ మనుషులను చూసుకునేది. మిషన్ నడుస్తుంటే పక్కనున్న మనిషి మాట కూడా వినపడదు. నాయినకు అరవడం ఇష్టం లేదు, చేతి సైగలు నేర్చుకున్నాడు. అమ్మకు సైగలు ఇష్టం లేదు, అరవడం నేర్చుకుంది. కొన్నేళ్లకు మిషన్ ఆగినా ఆ గొంతు తగ్గడం మానేసింది. వంటింట్లో ఉప్పు డబ్బా అడిగితే ఎదురింటివాళ్లు తెచ్చి ఇవ్వబోయేవారు.

దానికి తోడు ఆ చప్పుడుకు చెవులు కూడా మెల్లమెల్లగా మందగించాయి. తన గొంతు తనకే తక్కువగా వినపడేది కాబట్టి, తాను చాలా నెమ్మదస్తురాలినని మా అమ్మ చివరిదాకా నమ్మింది.

గిర్నికి వచ్చిన వాళ్ల డబ్బా మూత తీయగానే ఆమె తీర్పు బయటికొచ్చేది. "జొన్నల పురుగున్నది. నీ కోడలు మూత సక్కగ పెడ్తలేదు." "గివి పోయినేడు మిరపకాయలు. కొత్తయని ఎవడన్న చెప్తే వాణ్ని నా దగ్గరికి తోలు." పక్క గల్లీ నుంచి గోధుమలు తెచ్చే సాయబుల ఇంటామె ఒకరు ఉండేవారు. ఆమెను చూడగానే అమ్మ ఆప్యాయంగా, "ఏమే, నీ మొగడు మల్ల పనికి పోతలేడంట గదా?" అని అడిగేది. లైనులో ఉన్న వాళ్లంతా తలలు తిప్పేవారు. ఆమె నెత్తి మీద కొంగు ముందుకు లాక్కుని, "ఆపా, జర ధీరే బోలో, పూరా మొహల్లా సున్‌రా" అని, గల్లీ అంతా వింటోంది మెల్లగా అనమని బతిమాలేది. "నేను ధీరేనే అంటున్న గదా!" అని అమ్మ నొచ్చుకునేది. అయినా ఆమె గోధుమలు ఇంకో గిర్నికి తీసుకుపోలేదు. ఎవరూ తీసుకుపోలేదు. పిండి మెత్తగా పడేది. పైగా తమ గుట్టు బయటపడ్డ రోజే పక్కవాళ్లది కూడా వినొచ్చు.

పిండి బయటికి వచ్చే గొట్టం దగ్గర నిలబడి, చిటికెడు తీసి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్ది చూడటం ఆమెకు అలవాటు. మనుషుల మాటలను కూడా అట్లాగే చూసేది. ఎవరైనా తమ ఇంటి సంగతి అందంగా చెప్పుకొస్తుంటే అమ్మ వేళ్లు వాటంతటవే ఒకదాని మీద ఒకటి కదిలేవి. "మా ఆడబిడ్డ నన్ను సొంత చెల్లె లెక్క సూసుకుంటదక్కా" అని ఎవరో అన్నప్పుడు వేళ్లు కాసేపు రుద్ది, "ఇంకోసారి ఏయాలె. ఇంక బరకున్నది" అంది. చెప్పినామె మొదట కోపం తెచ్చుకుని, తర్వాత నవ్వి, తర్వాత డబ్బా మీద కూర్చుని ఏడ్చింది. అమ్మ ఆమె పిండిని జల్లెడ పట్టి ఇచ్చింది.

నన్ను చూసుకోవడానికి దూలపల్లి నుంచి సంబంధం వచ్చింది. వాళ్లు చాయ్ గ్లాసులు అందుకున్నారో లేదో, అమ్మ మొదలుపెట్టింది. "మా పిల్లకు వంట అంతంతనే. కోపం మస్తు. పొద్దుగాల జల్దీ లేవది. రేపు మీకు ముందే చెప్పలే అనొద్దు." నేను తలుపు వెనక నిలబడి నేలలోకి పోయే దారి వెతుక్కుంటున్నాను. అమ్మ అక్కడితో ఆగలేదు. పెళ్లికొడుకు వైపు తిరిగి, "నౌకరీ పర్మనెంటని మీ బాపు అంటుండు. నిజమేనా?" అని అడిగింది. అతను వాళ్ల నాన్న మొహం చూశాడు, అమ్మ వేళ్లు చూశాడు. "ఇంక కాలేదత్తమ్మా. చేస్తమన్నరు" అన్నాడు. వాళ్ల నాన్నకు చాయ్ పొలమారింది. సంబంధం పోయిందనుకున్నాం. మర్నాడు ఒప్పుకున్నట్టు కబురు వచ్చింది. గా ఇంట్ల దాచిపెట్టేటిది ఏం లేదని తెలిసిపోయింది కదా, ఇంక భయమెందుకు అందట మా అత్తగారు. నాకైతే ఆ ఒక్క నిజం చెప్పినందుకే అతను నచ్చాడు.

పిట్టకు పెట్టే చోట అమ్మకు పేరు వచ్చింది కూడా దూలపల్లిలోనే. మా అత్తగారి తరఫు ముసలాయన ఒకరు పోయారు. కొడుకులు ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లు, కాస్త ఘనంగా చేద్దామని విస్తరాకు పక్కన బీరు సీసా పెట్టారు. కాకి ఎంతకీ రాలేదు. కొడుకులు ఒకరి తర్వాత ఒకరు వచ్చి మాటలిచ్చారు. ఇక కొట్లాడుకోబోమన్నారు, చెల్లెను పండుగకు తెచ్చుకుంటామన్నారు. వెనక నిలబడ్డ అమ్మ ఇక ఉండబట్టలేక, "పాణమున్నన్ని రోజులు ఈతకల్లు తప్ప ముట్టని మనిషి, సచ్చినంక బీరు ముడతడారా?" అంది. కల్లు తెచ్చారు. అమ్మ అందరినీ చేతులతో వెనక్కు తోసింది. "జరుగుండ్రి, జరుగుండ్రి. గిట్ల మీద వడి నిలబడితే అదెట్లొస్తది?" కాకి వచ్చింది.

అప్పటి నుంచి చుట్టుపక్కల ఎక్కడ పిట్ట రాకపోయినా గిర్నామె వైపు చూసేవారు. ఆమె చేసేది ఎప్పుడూ ఆ రెండు పనులే. ఎవరూ అనలేని మాట ఒకటి పైకి అనేది, అనేసి అందరినీ దూరం జరిపేది. పిట్టను తెచ్చింది నువ్వన్న నిజమా, జనాన్ని జరిపిన దూరమా అని నేనొకసారి అడిగాను. "పిట్టకేం తెల్సు బిడ్డా, పిట్టకు ఆకలి తెల్సు. మాట మనుషుల కోసం" అంది.

ఆ పని ఆమె ఒక్కచోట మాత్రం పాడుచేసుకుంది. అది సొంత తల్లి దగ్గర.

మా అవ్వకు ఇద్దరే బిడ్డలు. పెద్దది అమ్మ, చిన్నది శామీర్‌పేటలో ఉండే చిన్నమ్మ. చిన్నమ్మ గొంతు పక్కన కూర్చున్నా సగమే వినపడుతుంది. "అవ్వ నాకు గొంతిచ్చినంక దానికి మిగల్లే" అని అమ్మ అనేది. చెల్లెలంటే అమ్మకు మహా ప్రాణం. బజార్లో ఏం కొన్నా రెండు కొనేది.

అవ్వ మా ఇంట్లోనే ఉండేది. చివరి రోజుల్లో గిర్ని చప్పుడు భరించలేకపోయింది. "తలకాయ పలుగుతాంది బిడ్డా. నన్ను చిన్నదాని ఇంటికి తోలు. ఆడ చెరువు గాలన్న వస్తది" అని అడిగేది. చిన్నమ్మ చూడటానికి వచ్చినప్పుడల్లా, "మా అత్త ఏమంటదో అవ్వా. వచ్చే నెల తీస్కపోత" అనేది. అవ్వ తన చీరలు మూటకట్టి గోడ మేకుకు తగిలించుకుంది. నెల వచ్చేది, పోయేది. ఆ మూట విప్పకుండానే అవ్వ పోయింది.

అవ్వది శామీర్‌పేటే కాబట్టి అక్కడికే తీసుకుపోయాం. మూడో రోజు చెరువు కట్ట కింద పొలంలో పిట్టకు పెట్టాం. తలకాయ కూర, జొన్నరొట్టె, కల్లు, ఆమెకు ఇష్టమైన పచ్చిపులుసు అన్నీ ఉన్నాయి. కాకులు దూరంగా తుమ్మచెట్టు మీద కూర్చున్నాయి. దిగలేదు. అందరూ అలవాటుగా అమ్మ వైపు చూశారు. చిన్నమ్మ తల వంచుకుని ఉంది. ఆమె పక్కనే వాళ్ల అత్త, ఆడబిడ్డలు, తోడికోడళ్లు ఉన్నారు.

వేరేవాళ్లకైతే అమ్మ ఉన్నచోటి నుంచే అనేసేది. చెల్లెలు కాబట్టి గుట్టుగా చెప్పాలనుకుంది. మా అమ్మ జీవితం మొత్తంలో గుట్టుగా చెప్పడానికి ప్రయత్నించిన మాట ఇదొక్కటే అనుకుంటాను. చిన్నమ్మ దగ్గరికి పోయి, భుజం మీద చెయ్యి వేసి, వంగి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, ఆమె చెవిలో చెప్పింది.

"మీ అత్త వద్దంటదని అవ్వకు అబద్ధం చెప్పినవ్. నీకే ఇష్టం లేకుండె. ఒక్కసారి నిజం అను బిడ్డా, పిట్టొస్తది."

కట్ట మీద బర్రెలను తోలుకుపోతున్న ఆయన ఆగి మా వైపు చూశాడు. చిన్నమ్మ అత్తగారు, "నేనెప్పుడు వద్దన్న? ముసల్దాన్ని తెచ్చుకుంటనంటే నేనెందుకు వద్దంట?" అని లేచింది. చిన్నమ్మ మొహం రెండు చేతుల్లో కప్పుకుని పొలం గట్టు మీద నుంచి ఇంటి దారి పట్టింది. ఆమె వెనక అత్తగారు, ఆవిడ వెనక ఆడబిడ్డలు, వాళ్లను ఆపడానికి మగవాళ్లు. క్షణంలో జాగ ఖాళీ అయింది. కాకులు తాపీగా దిగి తిన్నాయి.

"గిట్లెందుకు ఉరుకుతాంది? నేను చెవుల్నే చెప్పిన గదా?" అని అమ్మ మమ్మల్ని అడిగింది. తర్వాత చాలాసార్లు చెప్పి చూశాం. నువ్వు చెప్పింది ఊరంతా విన్నదని నాయిన సైగలతో, నేను నోటితో. ఆమె నమ్మలేదు. "నేను చెవుల చెప్పిన. అది నిజానికి అలిగింది గని నా గొంతుకు కాదు" అనేది.

చిన్నమ్మ మాట్లాడటం మానేసింది. పెళ్లిళ్లలో ఎదురుపడితే పక్కకు తప్పుకునేది. నా శ్రీమంతానికి వచ్చి, అక్షింతలు వేసి, అన్నం తినకుండా వెళ్లిపోయింది. అమ్మ మాత్రం తన పద్ధతిలో తాను నడిచింది. కొత్త బియ్యం వచ్చినప్పుడల్లా పిండి పట్టించి, మూతకు గుడ్డ కట్టిన స్టీలు డబ్బాలో పోసి, శామీర్‌పేట ఆటోలో పంపేది. చిన్నమ్మ పిండి ఉంచుకుని డబ్బా వెనక్కి పంపేది. తళతళ తోమి, ఆరబెట్టి, ఖాళీగా. అమ్మ మూత తీసి లోపల మొహం చూసుకునేది. "కడిగి పంపింది. అంటే కోపం పోలే. సొంతమోళ్లు డబ్బా కడిగి ఇస్తరా ఎవరన్న?" అని దాన్ని మళ్లీ మీది అరలో పెట్టేది. ఎవరితో ఏమైనా తొణకని మనిషి, ఆ డబ్బా వచ్చిన రోజు మాత్రం సరిగ్గా అన్నం తినేది కాదు. చెల్లెలి నోటి నుంచి ఒక్క మాట, తిట్టయినా సరే, వినాలని ఉండేది ఆమెకు. అప్పటికి ఎవరి మాటా సరిగ్గా వినపడటం లేదన్నది వేరే సంగతి.

చెవికి మిషన్ పెట్టిద్దామంటే ఒప్పుకోలేదు. "ఊరందరి ముచ్చట్లు ఇని ఇని గీ చెవులు అలిసిపోయినయ్. ఇగ వాటిని పండుకోనీ" అంది. గిర్నికి జనం తగ్గారు. ప్యాకెట్లలో పిండి, కారం దొరుకుతున్నాయి. అమ్మ ఆ ప్యాకెట్టు ఒకటి తెప్పించి, విప్పి, వేళ్ల మధ్య రుద్ది, "మెత్తగనే ఉన్నది గని, ఎవరి గురించి ఏం చెప్తలేదు" అంది. అయినా పొద్దున్నే మిషన్ కింద పడ్డ నూకలు ఊడ్చి వెనక జాగలో చల్లడం మానలేదు. కాకులు, పిచ్చుకలు, పావురాలు ఆమె కోసం కాచుకుని ఉండేవి.

ఒక ఎండాకాలం, మధ్యాహ్నం కరెంటు పోయి మిషన్ ఆగి ఉన్నప్పుడు, మిరపకాయల బస్తాకు ఆనుకుని కూర్చున్న మా అమ్మ అట్లాగే పోయింది. నాయిన కాసేపటిదాకా చూసుకోలేదు. కరెంటు లేక అంత నిశ్శబ్దంగా ఉందనుకున్నాడట. నాకు ఏడుపు వెంటనే రాలేదు. సాయంత్రం ఇంటినిండా మనుషులున్నా అందరూ మెల్లగా మాట్లాడుకుంటుంటే అప్పుడు వచ్చింది.

శామీర్‌పేటకు కబురు పంపాం. చిన్నమ్మ ఆ రోజు రాలేదు, మర్నాడూ రాలేదు.

మూడో రోజు గిర్ని వెనక జాగలోనే పిట్టకు పెట్టాం. చుట్టుపక్కల ఊళ్ల నుంచి చాలామంది వచ్చారు. ఇంతమందికి పిట్టను రప్పించినామెకు పిట్ట వస్తుందా రాదా అని చూడటానికి వచ్చినట్టుంది. పిట్ట రాకపోతే కారణం చిన్నమ్మేనని అందరికీ తెలుసు. నాకూ ఆ బెంగే ఉంది. నాయిన విస్తరాకు పరిచి అన్నం పెట్టాడు. కూర గిన్నె వంచుతుండగానే ఒక కాకి ఆయన చెయ్యి పక్కన వాలింది. దాని వెనక ఇంకోటి. మేం జరగను కూడా జరగలేదు. నూకలు చల్లే జాగే కదా, వాటికి అలవాటు. "కడుపుల మాట దాస్తే గదా పిట్ట ఆగనీకి" అని ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. నాయిన కూడా నవ్వి, తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నాడు.

జనం స్నానాలకు కదులుతుంటే ఆటో ఆగింది. చిన్నమ్మ దిగింది. చంకలో మా స్టీలు డబ్బా ఉంది.

"పిట్ట ముట్టిందా?" అని నన్ను అడిగింది. ముట్టిందన్నాను.

"ఎప్పుడు?"

"పెట్టంగనే చిన్నమ్మా."

ఆమె మొహం పాలిపోయింది. "నా కోసం ఆగలేదా?" అంది. ఆ ఆటోలో వస్తున్నంతసేపు ఆమె మనసులో ఏముందో అప్పుడు తెలిసింది. ఆమె వచ్చేదాకా పిట్ట ముట్టదని, అక్క పట్టుబట్టి కూర్చుంటుందని, అందరి ముందూ తనను పిలుస్తారని, ఇన్నేళ్లూ దానికే సిద్ధపడి ఉంది. అక్క మనసులో తన మీద ఏమీ మిగల్లేదన్న సంగతి ఆమెకు పెద్ద దెబ్బలా తగిలింది.

డబ్బా మూత తీసింది. లోపల సర్వపిండి ఉంది. అమ్మ పంపిన ఆఖరి బియ్యప్పిండితో, నువ్వులు, పల్లీలు వేసి, అవ్వ చేసినట్టు చేసింది. ఒక ముక్క తుంచి విస్తట్లో పెట్టి, ముందు కూర్చుని, వంగి, ఏదో గొణిగింది. పక్కనే ఉన్న నాకు కూడా ఒక్క అక్షరం అర్థం కాలేదు. మళ్లీ గొణిగింది. కదిలిన జనం ఆగి చూస్తున్నారు. కాకులు కడుపునిండి కరెంటు తీగ మీద కూర్చున్నాయి.

నాకు ఇక ఊరుకోబుద్ధి కాలేదు. "చిన్నమ్మా, అమ్మకు మెల్లగ చెప్తే వినబడది. గట్టిగ చెప్పు" అన్నాను.

చిన్నమ్మ నన్ను చూసింది. నిలబడ్డ జనాన్ని చూసింది. కొంగు నడుముకు దోపుకుంది. ఆ సన్నటి మనిషిలో ఆ గొంతు ఇన్నేళ్లూ ఎక్కడ దాగుందో తెలియదు.

"అక్కా! మా అత్త వద్దనలే! నేనే వద్దన్న! అవ్వ మంచాన వడితే నాతోని కాదని భయపడ్డ! నువ్వు చెప్పింది నిజమే అక్కా!"

తీగ మీది కాకులు ఒక్కసారిగా లేచి ఎగిరిపోయాయి. చిన్నమ్మ ఆకాశం వైపు చూస్తూ కాసేపు అట్లాగే కూర్చుంది. అవి మళ్లీ దిగలేదు.

సర్వపిండి మేమే తిన్నాం. నాయిన రెండు ముక్కలు తిన్నాడు. చిన్నమ్మ నా పక్కన కూర్చుని, ఏడుస్తూనే, నువ్వులు తక్కువ పడ్డాయంది. సాయంత్రం ఆమె ఆటో ఎక్కుతుంటే, డబ్బా కడగకుండానే చేతికిచ్చాను.